45.4 మీటర్ల నవారు మీద భూమి వయసు: ప్రాజెక్టు డైరీ

మా హైస్కూలు నంద్యాల జిల్లాలో ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో కలిసి భూమి వయసు మొత్తాన్ని ఒకే నవారు పట్టీ మీద, మొదటి నుంచి చివరి దాకా ఒకే కొలతతో గుర్తించాం. ఎక్కడా కొలత మార్చలేదు. మీ బడిలోనో, లైబ్రరీలోనో ఈ పని చేయాలనుకుంటే ఏది కొనాలో, ఏది కొనకూడదో తెలియడానికి ఈ వివరాలు రాస్తున్నాను.

దశ 1: కొలత ఎంచుకోవడం

పుస్తకాల్లో వచ్చే కాలపటాల్లో చాలావాటికి ఒక లోపం ఉంది. జంతువులు విస్తరించిన చివరి 54 కోట్ల ఏళ్లకే పేజీలో ఎక్కువ చోటు ఇస్తారు. అంతకు ముందు గడిచిన 400 కోట్ల ఏళ్లను అడుగున ఒక చిన్న గడిలో సర్దేస్తారు. చోటు చాలదు కాబట్టి అలా చేస్తారు, నిజమే. కానీ ఆ పటం చూసిన పిల్లల మనసులో డైనోసార్లు భూమి కథకు నట్టనడుమ నిలబడిపోతాయి.

దీన్ని పరీక్షించడానికి బడి ఆవరణలో 45 మీటర్ల పొడవున ముగ్గుతో గీత గీశాం. ఒక కొస భూమి పుట్టుక, రెండో కొస ఈ రోజు. డైనోసార్లు అంతరించిన చోట రాయి పెట్టమంటే ఎక్కువమంది ఈ రోజు నుంచి 15, 25 మీటర్ల మధ్య పెట్టారు. అసలు చోటు ఈ రోజు నుంచి 66 సెంటీమీటర్లు. ఈ ఫలితం రాసి పెట్టుకోండి, తర్వాత పోల్చడానికి కావాలి.

మేం చూసిన కొలతలు ఇవి:

1. మిల్లీమీటరుకు 10 లక్షల ఏళ్లు: మొత్తం 4.54 మీ. తరగతి గోడకు సరిపోతుంది. కానీ మనిషి జాతి వయసు, దాదాపు 3 లక్షల ఏళ్లు, 0.3 మి.మీ. అవుతుంది. పెన్ను గీత కిందే పోతుంది.
2. మిల్లీమీటరుకు 10 వేల ఏళ్లు: మొత్తం 454 మీ. మనిషికి 3 సెం.మీ. దక్కుతుంది. కానీ ఒక కొసన నిలబడితే రెండో కొస కనిపించదు.
3. మిల్లీమీటరుకు లక్ష ఏళ్లు: మొత్తం 45.4 మీ. మనిషికి 3 మి.మీ.

మూడోదే తీసుకున్నాం. ఇందులో ఇంకో సుఖం ఉంది. 10 సెం.మీ. అంటే కోటి ఏళ్లు, మీటరు అంటే 10 కోట్లు. లక్షలు, కోట్లలో లెక్క పెట్టే మన పిల్లలకు టేపు చూడగానే వయసు చెప్పడం వచ్చేస్తుంది.

భూమి వయసును 24 గంటల గడియారంగా చూపించే పద్ధతిని కూడా ఆలోచించి వదిలేశాం. అందులో ఒక్క సెకను అంటే 52 వేల ఏళ్లకు పైనే. 60తో భాగిస్తూ కూర్చోవాలి, పైగా కాలాన్ని చేత్తో తాకడానికి లేదు.

దశ 2: నైలాన్ తాడు (వదిలేశాం)

నైలాన్ తాడు చవక, తడిసినా పాడవదు. అందుకే మొదట అది తెచ్చాం. నేల మీద వదులుగా పరిచి 45.4 మీ. కొలిచి, రెండు కొసలా మేకులకు బిగించి కడితే 46.1 మీ. అయింది. ఆ 70 సెంటీమీటర్లు అంటే 7 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పోయిన తర్వాతి కాలమంతా ఆ సాగుదలలోనే ఉంది. గుర్తుగా వేసిన ముడులు కూడా లాగితే జరుగుతున్నాయి. తాడు పక్కన పెట్టేశాం, తర్వాత నవారు ఆరేసుకోవడానికి పనికొచ్చింది.

కొలిచే టేపు సంగతీ ఇక్కడే చెప్పాలి. మేస్త్రీల 5 మీటర్ల టేపుతో 45 మీటర్లు కొలవాలంటే పదే పదే అతుకు పెట్టాలి. ఒకసారి కొలిచినదానికీ మరోసారి కొలిచినదానికీ 3 సెం.మీ. దాకా తేడా వచ్చింది. స్థలాలు కొలిచే 30 మీటర్ల టేపు అడిగి తెచ్చుకున్నాక తేడా 5 మి.మీ. లోపుకు దిగింది. ఆ టేపు దొరికేదాకా పని మొదలుపెట్టకండి.

ఇప్పటికి ఖర్చు: తాడు 260 రూపాయలు. మొత్తం 260.

దశ 3: నవారు

మంచాలకు అల్లే నూలు నవారు, 6 సెం.మీ. వెడల్పుది తెచ్చాం. సాగదు, రంగు పీలుస్తుంది, సూది దిగుతుంది, చుట్టి సంచీలో పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్ నవారు మీద రంగు నిలవదు, తీసుకోవద్దు.

మొదటి పట్టీని కొన్నది కొన్నట్టే కొలిచి గుర్తులు వేశాం. రాత్రి వాన జల్లుకు వరండాలోనే తడిసింది. ఆరాక కొలిస్తే 45.4 మీ. కాస్తా 43.6 అయింది. 18 కోట్ల ఏళ్లు కుదించుకుపోయాయి. అంతటా ఒకేలా ముడుచుకుని ఉంటే లెక్క సరిచేసుకోవచ్చు. కానీ రంగు వేసిన చోట తక్కువ, వేయని చోట ఎక్కువ ముడుచుకుంది. ఇక ఆ గుర్తుల్లో దేన్నీ నమ్మడానికి లేదు.

మా పాత అటెండరు దాన్ని వేళ్లతో నలిపి చూసి, "కొత్త నవారు నీళ్లు చూడనిదే కొలతకు రాదు సార్. ముందు గంజి పోవాల" అన్నాడు. ఆయన చెప్పిన పద్ధతే ఖాయం చేశాం:

1. కావాల్సింది 45.4 మీ. అయినా 50 మీ. కొనాలి.
2. రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. నీళ్లు తెల్లబడడం ఆగేదాకా ఉతకాలి.
3. తాడు మీద వేలాడదీయాలి. తడిగా ఉన్నప్పుడు లాగకూడదు.
4. ఆరాక మళ్లీ తడిపి ఆరేయాలి.
5. ఇస్త్రీ చేయాలి.
6. చదునైన నేల మీద పరిచి, గుంజకుండా చేత్తో సర్ది, అప్పుడు కొలవాలి.

మా రెండో పట్టీ 50 మీ. నుంచి మొదటి తడుపుకు 48.1 మీ. అయింది, రెండో తడుపుకు 47.9. ఆ తర్వాత తడిపినా మారలేదు.

ఖర్చు: మొదటి నవారు 450, రెండోది 490. మొత్తం 1,200.

దశ 4: గుర్తులు, వాటి వెడల్పు

సున్నా ఎక్కడ పెట్టాలన్నది ముందు తేల్చుకోవాలి. మేం ఈ రోజునే సున్నాగా పెట్టాం. శిలల వయసులన్నీ నేటి నుంచి వెనక్కి లెక్కించినవే, కాబట్టి టేపు మీది అంకె సూటిగా వయసు చెబుతుంది.

బట్ట రంగుతో 2 మి.మీ. గీత గీస్తే నవారు మీద పాకి 5 మి.మీ. అవుతోంది. సన్నని కుంచె మార్చాం, రంగు చిక్కగా కలిపాం, పెద్ద ప్రయోజనం లేదు. అప్పుడు ప్రశ్నే మార్చుకున్నాం: గీత ఎంత సన్నగా ఉండాలి?

భూమి వయసును 1956లో అమెరికా శాస్త్రవేత్త క్లేర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసం ఐసోటోపులను, అంటే సీసంలోనే బరువు తేడా ఉన్న రకాలను కొలిచి 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న అంకె 454 కోట్లు, అటూ ఇటూ 5 కోట్లు. ఆ 5 కోట్లు మా పట్టీ మీద అర మీటరు. అంటే భూమి పుట్టుక దగ్గర గీత గీయడమే తప్పు. అక్కడ నవారును అర మీటరు దాకా లేత రంగులో ముంచి, కొస వైపు ఇంకో అర మీటరు అదనంగా వదిలి దానికీ అదే రంగు అద్దాం. పులివెందుల దగ్గర పాత రాతి పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టిన అగ్నిశిల వయసు 188.5 కోట్ల ఏళ్లు, అటూ ఇటూ 31 లక్షలు. దానికి 6 సెం.మీ. పట్టీ చాలు. ప్రతి గుర్తు వెడల్పూ దాని వయసులోని అనిశ్చితి మేరకు ఉండాలన్నది అక్కడి నుంచి మా నియమం. ఈ ఒక్క మార్పుతో పిల్లలు అడిగే ప్రశ్నలే మారిపోయాయి. "ఎన్నేళ్లు సార్" అనేవాళ్లు "ఇది ఎంత వెడల్పు సార్" అంటున్నారు.

సున్నా నుంచి మేం పెట్టిన ముఖ్యమైన గుర్తులు:

- 0.66 మీ.: డైనోసార్ల అంతం. దక్కన్ లావా పొరల్లో అధిక భాగం పరుచుకున్నదీ ఈ దరిదాపుల్లోనే. ఆ ప్రధాన ఘట్టానికి పట్టిన కాలం పట్టీ మీద సుమారు ఒక సెంటీమీటరు.
- 1.8 మీ. ప్రాంతం: కోటాసారస్ అనే డైనోసార్. గోదావరి లోయలో దొరికిన దీని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది.
- 2.5 నుంచి 3 మీ.: సింగరేణి బొగ్గుగా మారిన అడవులు.
- 5.39 మీ.: కేంబ్రియన్ కాలం, అంటే జంతువులు విస్తరించిన కాలం మొదలు.
- 11 మీ. ప్రాంతం: వజ్రకరూరు కింబర్లైట్, అంటే వజ్రాలను పైకి మోసుకొచ్చిన శిల.
- 18.85 మీ.: పులివెందుల అగ్నిశిల.
- 24 మీ. ప్రాంతం: గాలిలో ఆక్సిజన్ చెప్పుకోదగ్గంతగా చేరడం.
- 25 మీ. ప్రాంతం: హైదరాబాద్ గ్రానైట్ గుట్టలు.
- 34.8 మీ.: పశ్చిమ ఆస్ట్రేలియాలో సూక్ష్మజీవుల పొరల ఆనవాళ్లు.
- 44 మీ. ప్రాంతం: అదే పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన, జిర్కాన్ అనే ఖనిజం రేణువులు. భూమి మీద పుట్టిన పదార్థాల్లో ఇప్పటిదాకా వయసు తేల్చినవాటిలో అతి పాతవి.

మా వరండాలో పరిచిన నాపరాయికి చోటెక్కడ అని పిల్లలు గట్టిగా పట్టుబట్టారు. ఇది కర్నూలు సముదాయం అనే రాతి పొరల్లోది. కింది నుంచి పైకి ఆ పొరల పేర్లు బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. అన్నీ మా పిల్లలు రోజూ బస్సు బోర్డుల మీద చదివే ఊళ్లే. అగ్నిశిల గడ్డకట్టినప్పుడే అందులో స్ఫటికాలు పుడతాయి కాబట్టి వాటితో శిల వయసు తేలుతుంది. సున్నపు బురద పేరుకుని అయిన నాపరాయిలో అలాంటివి పుట్టవు. ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన రేణువు ఉంటే అది తన పుట్టుక చెబుతుంది గానీ నాపరాయిది చెప్పదు. అందుకే దానికి రంగు వేయలేదు. పులివెందుల అగ్నిశిల చొరబడిన కడప పొరల కన్నా వయసులో చిన్నదనీ, వాటి పైన పరుచుకుందనీ చూపించే బాణం గుర్తు మాత్రం కుట్టాం.

ఖర్చు: రంగులు 180, దారాలు, సూదులు 60. మొత్తం 1,440.

దశ 5: ఖాళీని కాపాడుకోవడం

ఎక్కువ వాదన నడిచింది ఇక్కడే. 5.39 మీ. దాటాక 40 మీటర్ల పొడవున గుర్తులు పలచబడిపోయాయి. పిల్లలకు అక్కడ ఏదో ఒకటి గీయాలని ఆరాటం. ఆ భాగాన్ని మడిచి కుట్టేద్దామన్న సలహా కూడా వచ్చింది. రెండింటికీ ఒప్పుకోలేదు. ఈ ప్రాజెక్టులో నేర్చుకోవాల్సింది ఆ 40 మీటర్లలోనే ఉంది. బొమ్మలతో నింపితే మళ్లీ పుస్తకంలో పటమే అవుతుంది.

ఖాళీ అంటే ఏమీ జరగలేదని కాదు. ఆ నిడివిలో చాలా భాగం సూక్ష్మజీవులదే. కడప జిల్లా వేంపల్లె దగ్గరి రాళ్లలో అవి పొరలు పొరలుగా కట్టిన నిర్మాణాలు ఇప్పటికీ కంటికి కనిపిస్తాయి. వాటి కోసం సన్నని ఆకుపచ్చ దారం ఒకటి 34.8 మీ. నుంచి సున్నా దాకా తెగకుండా కుట్టాం. ఈ రోజు దాకా ఎందుకంటే అవి ఇంకా ఉన్నాయి కాబట్టి.

భూమి చరిత్రను విభజించిన నాలుగు మహాకాలాలకు నాలుగు రంగుల అంచు వేశాం. పొడవులు ఇలా వచ్చాయి:

- హేడియన్: 5.4 మీ. (మొత్తం 5.4)
- ఆర్కియన్: 15 మీ. (మొత్తం 20.4)
- ప్రొటెరోజోయిక్: 19.61 మీ. (మొత్తం 40.01)
- ఫనెరోజోయిక్: 5.39 మీ. (మొత్తం 45.4)

మొదటిదీ చివరిదీ దాదాపు సమానం. చేపలు, అడవులు, డైనోసార్లు, పక్షులు, మనం, అందరికీ కలిపి దక్కినంత కాలమే భూమి మొదట్లో కరిగి, చల్లబడి, దెబ్బలు తిని కుదురుకోవడానికీ పట్టింది. అంచు కుట్టేదాకా నేనూ దీన్ని గమనించలేదు.

ఖర్చు: అంచు గుడ్డ 220, టైలరు కూలి 300. మొత్తం 1,960.

దశ 6: చివరి 3 మిల్లీమీటర్లు

నవారు నేతలో ఒక్కో పోగే మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటుంది. మనిషి కాలాన్ని దాని మీద చూపించలేం. మార్గం ఎ4 కాగితాల్లో దొరికింది. 100 కాగితాలను రెండు చెక్కల మధ్య బిగించి కొలిస్తే 10 మి.మీ. వచ్చింది. అంటే ఒక కాగితం మందం 0.1 మి.మీ., మా కొలతలో 10 వేల ఏళ్లు. 30 కాగితాలైతే 3 లక్షల ఏళ్లు. మొరాకోలోని జెబెల్ ఇర్హౌద్‌లో దొరికిన మన జాతి ఎముకల వయసు ఇంచుమించు అంతే.

1. 30 కాగితపు ముక్కలు 6 సెం.మీ. వెడల్పున కోయాలి.
2. జిగురు వాడకూడదు. జిగురుతో అంటిస్తే మందం 3.6 మి.మీ. అయింది, 60 వేల ఏళ్లు అదనం. ఒక అంచున దారంతో కుడితే 3.1 దగ్గర ఆగింది.
3. నవారు సున్నా కొసకు 3 మి.మీ. ముందే పట్టీని కత్తిరించి, ఈ చిన్న పుస్తకాన్ని అక్కడ నిలువుగా బిగించాలి. కాగితాల అంచులు పైకి కనిపించాలి.

మంచుయుగం ముగిసి 11,700 ఏళ్లు. అంటే కట్టకు చివరనున్న ఒక్క కాగితం, రెండోదాంట్లో కొంచెం. వ్యవసాయం, ఊళ్లు, లిపులు, రాజ్యాలు, మన చరిత్ర పుస్తకాలన్నీ ఆ మందంలోనే. చివరి నుంచి ఎనిమిదో కాగితానికి బూడిద రంగు వేశాం. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద మా జిల్లాలోని జ్వాలాపురంలో ఇంకా ఉంది, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందంలో. ఆ బూడిద పొరల కిందా పైనా మనుషుల రాతి పనిముట్లు దొరికాయి. ఆ గుట్టలు తెలిసిన పిల్లలు ఈ కాగితాన్ని గోటితో వేరు చేసి చాలాసేపు పట్టుకుని చూశారు.

ఖర్చు: కాగితాలు బడివే. మొత్తం 1,960.

దశ 7: నడక

గోడకు మేకులు కొట్టి వేలాడదీస్తే మధ్యలో జారి కొలత పోయింది. రెండేసి మీటర్లకు ఒక కొక్కెం పెడితే నిలిచింది. మేకులు తుప్పు పట్టి మరకలు పడుతున్నాయి, స్టీలువి వాడండి.

మొదట భూమి పుట్టుక వైపు నుంచి నడిపించాం. పిల్లలు మొదటి 40 మీటర్లు పరుగెత్తి బొమ్మలున్న చోట గుమిగూడారు. అందుకని సున్నా నుంచి వెనక్కి నడిపిస్తున్నాం. ఒక్క అడుగులో డైనోసార్లు వస్తాయి. ఎనిమిదో తొమ్మిదో అడుగుకు జంతువులే ఉండవు. ఆ తర్వాత ఇంకా ఎంత నడవాలో తల ఎత్తి చూసుకుంటారు. మాటలు అక్కడ తగ్గుతాయి.

ముగ్గు గీత పరీక్ష మళ్లీ పెట్టాం. ఈసారి రాళ్లన్నీ సున్నా నుంచి ఒక మీటరు లోపే పడ్డాయి.

చూడడానికి వచ్చిన ఒక తాతగారు, "బ్రహ్మకు పగలు 432 కోట్ల ఏళ్లు కదా సారూ, అదెక్కడొస్తుంది?" అని అడిగారు. 43.2 మీ. దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. అక్కడ గుర్తు మాత్రం కుట్టలేదు, ఎందుకంటే ఈ పట్టీ మీదున్నవన్నీ రాళ్లను కొలిచి కట్టిన వయసులు. కానీ కోట్ల ఏళ్ల కాలాన్ని ఊహించడానికి జంకని సంప్రదాయం మన ఇళ్లలో ఉండడం పిల్లలకు నిజంగా బలమే. 1897లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్ అంతటివాడు భూమికి 2 నుంచి 4 కోట్ల ఏళ్లే ఇచ్చాడు. మా పట్టీ మీద 20 నుంచి 40 సెం.మీ., డైనోసార్ల గుర్తు దాకా కూడా రాదు.

ఖర్చు: కొక్కేలు 240. మొత్తం 2,200.

దశ 8: ఈ వయసులు ఎలా తెలిశాయి? గింజలతో

జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత లోపలి యురేనియం క్రమంగా సీసంగా మారుతుంది. యురేనియం 235 అనే రకంలో సగం మారడానికి 70.4 కోట్ల ఏళ్లు, పట్టీ మీద 7.04 మీ.

1. గ్లాసులో 64 చింతగింజలు పోయాలి.
2. 45.4 మీ. కొస నుంచి సున్నా వైపు నడవాలి.
3. ప్రతి 7.04 మీటర్లకు సగం చింతగింజలు తీసి, అన్నే కందిగింజలు వేయాలి.
4. 42.24 మీ. నడిచేసరికి ఒక్క చింతగింజ మిగులుతుంది.

ఇప్పుడు గ్లాసు వేరొకరికిచ్చి, ఎంత దూరం నడిచారో గింజలు లెక్కపెట్టి చెప్పమనాలి. 16 చింత, 48 కంది ఉంటే 14.08 మీ. అని తరగతిలో వెనకబడ్డ పిల్లలు కూడా చెప్పేస్తున్నారు. అదే గ్లాసుతో హైదరాబాద్ గ్రానైట్ దగ్గర, అంటే 25 మీ. దగ్గర మొదలుపెడితే సున్నాకు వచ్చేసరికి లెక్క ప్రకారం 5 లేదా 6 గింజలు మిగలాలి.

యురేనియం 238 అనే ఇంకో రకానికి సగం కావడానికి 446.8 కోట్ల ఏళ్లు పడుతుంది, అంటే దాదాపు పట్టీ అంత పొడవు. భూమి పుట్టినప్పటి ఆ యురేనియంలో సగానికి కాస్త తక్కువ ఇంకా మిగిలే ఉంది. ప్రయోగశాలల్లో ఈ రెండు లెక్కలూ విడివిడిగా కట్టి, రెండూ ఒకే వయసు చెబితేనే నమ్ముతారు. రెండో గ్లాసు పెట్టి ఇదీ చేయించాలి. కానీ అందులో గింజలు చాలా నెమ్మదిగా మారతాయి కాబట్టి 64 చాలవు. 500 అయినా పోయాలి, లెక్కపెట్టడానికి ఇద్దరు కావాలి.

మిగిలిన పని

- తిరుమల కొండ దారిలో పాత గ్రానైట్ మీద నేరుగా కూర్చున్న ఇసుకరాతి పొరలకు గుర్తు పెట్టాలి. ఆ రెండింటి మధ్య కోట్ల ఏళ్ల రికార్డు అసలు లేదు. అందుకే గీతకు బదులు నవారుకే చీలిక పెట్టి అంచులు కుట్టాలని ఉంది. చీలిక వల్ల పొడవు మారకుండా వెనక గుడ్డ వేయాలి.
- కాగితాల కట్ట వానాకాలం తేమకు ఉబ్బుతోంది. 3.1 మి.మీ. ఉన్నది 3.3 అయింది. పలచని ప్లాస్టిక్ షీటు ముక్కలతో ఇంకోటి చేసి చూస్తాం.
- పక్క ఊరి హైస్కూలుకు రెండో పట్టీ మొదలైంది. 50 మీ. నవారు రెండు తడుపుల తర్వాత 47.8 మీ. దగ్గర నిలిచింది. తాడు, మొదటి నవారు ఖర్చు లేవు కాబట్టి దానికి 1,500 రూపాయలు దాటకూడదు.